చిన్న జాక్, పెద్ద మౌనం

గిటార్ ఆంప్‌లో చానెల్ మారకపోయినా, వాల్యూం పడిపోయినా అందరూ ముందుగా అనుమానించేది వాల్వులనే. వేలు పోసి కొత్తవి వేస్తారు. తప్పు మాత్రం చాలాసార్లు ఒక తుప్పుపట్టిన కాంటాక్టులోనో, పగిలిన సోల్డర్‌లోనో కూర్చుని ఉంటుంది

పాట నెమ్మదిగా మొదలవుతుంది. తీగలు స్వచ్ఛంగా మోగుతుంటాయి. రెండో చరణం అయ్యాక సోలో రావాలి. గిటారిస్టు కాలితో ఫుట్‌స్విచ్ నొక్కుతాడు. గర్జించాల్సిన ఆంప్ గర్జించదు. మళ్లీ నొక్కుతాడు. ఎర్ర లైటు వెలుగుతుంది కానీ శబ్దం మారదు. మరో రెండు నిమిషాలకు ఉన్న శబ్దం కూడా నాలుగో వంతుకు పడిపోతుంది. డ్రమ్మర్ తలెత్తి చూస్తాడు. మిక్సర్ దగ్గరున్న వ్యక్తి మైకు పెంచితే గుర్రుమనే హమ్ తప్ప మరేమీ పెరగదు. సోలో గాలిలో కలిసిపోతుంది.

నాగాలాండ్‌లో 2000 నుంచి ఏటా డిసెంబర్లో జరుగుతున్న హార్న్‌బిల్ పండుగ కావచ్చు, అరుణాచల్‌ప్రదేశ్‌లో 2012లో మొదలైన జీరో సంగీతోత్సవం కావచ్చు, బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో శనివారం రాత్రి పబ్ కావచ్చు. వాల్వు ఆంప్‌తో వేదికెక్కే బ్యాండ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. ఎక్కడో పేరు తెచ్చుకోవడానికి దొరికే అవకాశం అరగంటే. ఆ అరగంటలో ఆంప్ మూగబోతే మరో ఏడాది ఆగాలి. ఆంప్‌కు తొలి శిక్ష మర్నాడే పడుతుంది: వాల్వులు పోయాయని తీర్మానించి కొత్త సెట్టుకు ఆర్డర్ పెడతారు. పెట్టె తెరవకుండానే జరిగే ఈ తీర్పు చాలాసార్లు తప్పని తేలుతుంది. కొత్త వాల్వులు వేసినా పాత జబ్బు అలాగే ఉంటుంది. అప్పుడు ఆంప్‌ను అయినకాడికి అమ్మేస్తారు, లేదా స్టూడియో మూలన పడేస్తారు.

లక్ష రూపాయలు దాటే పెట్టె అలా మూలన పడటానికి అసలు కారణం వెతికితే చిల్లర ఖర్చుతో పోయే లోపం బయటపడటం ఈ రంగంలో మామూలే. వాల్వులను ఎందుకంత తేలిగ్గా నిందిస్తారంటే అవి కనిపిస్తాయి, ఎర్రగా వెలుగుతాయి, చేత్తో తీసి మార్చేయవచ్చు. పైపెచ్చు వాటికి నిర్దిష్టమైన ఆయుష్షు ఉంటుందని అందరికీ తెలుసు. జాక్‌లోని ఆవగింజంత కాంటాక్టుకు కూడా ఆయుష్షు ఉంటుందని ఎవరికీ తట్టదు.

పవర్ సగమైతే శబ్దం సగం కాదు

చెవి లెక్క వేరు, వాట్ల లెక్క వేరు. అసలు గందరగోళమంతా ఇక్కడే. 40 వాట్ల ఆంప్‌లో సాధారణంగా రెండు పవర్ వాల్వులు జంటగా పనిచేస్తాయి. ఒకటి చచ్చిపోతే పవర్ సగానికో, అంతకంటే కాస్త తక్కువకో పడుతుంది. పవర్ సగమవడమంటే ధ్వని తీవ్రతలో తేడా 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి అది గమనించదగ్గ తేడానే తప్ప ఘోరమైన తేడా కాదు. శబ్దం రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే పవర్ దాదాపు పది రెట్లు కావాలి. ఆ లెక్కన, ఆంప్ వాల్యూం ఒక్కసారిగా గుసగుస స్థాయికి దిగిందంటే ఒక పవర్ వాల్వు పోయిందన్న వివరణ సరిపోదు. దాంతోపాటు శబ్దం గరగరమనాలి, వాల్వు ప్లేటు ఎర్రబడాలి, ఫ్యూజు పోవాలి. అవేమీ లేకుండా శుభ్రంగా, కానీ సన్నగా వినిపిస్తోందంటే సిగ్నల్ దారిలో ఎక్కడో అడ్డు పడిందని అర్థం.

ఆ దారి ఏమిటో తెలిస్తే సగం పని అయినట్టే. గిటార్ పికప్ ఇచ్చే సిగ్నల్ వోల్టులో కొద్ది భాగం. అది ముందుగా ప్రీ-ఆంప్‌లోకి వెళ్తుంది. స్వచ్ఛమైన ధ్వనినిచ్చే క్లీన్ చానెల్, వక్రీకరించి గర్జింపజేసే డ్రైవ్ చానెల్ రెండూ ఉండేది అక్కడే. ఆ తర్వాత రెండు దారులూ కలిసిపోతాయి. ఎఫెక్ట్స్ లూప్ దాటి, పవర్ వాల్వుల గుండా ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు, అక్కడి నుంచి స్పీకర్‌కు చేరతాయి. అంటే రెండు పాయలుగా చీలి తిరిగి ఒకటయ్యే వాగులాంటిది. వాల్యూం ఒక్క చానెల్‌లోనే పడిపోతే లోపం ఆ పాయలో ఉంది. రెండింటిలోనూ పడిపోతే పాయలు కలిసిన చోటుకు దిగువనో, చీలకముందు ఎగువనో ఉంది. గిటార్ తీసి, ఫోన్‌లోని పాటను ఎఫెక్ట్స్ లూప్‌కు చెందిన రిటర్న్ జాక్‌లోకి తక్కువ వాల్యూంతో పంపి చూస్తే దిగువ సగం ఆరోగ్యం తెలిసిపోతుంది. అక్కడ పాట దిట్టంగా వినిపిస్తే పవర్ వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ నిర్దోషులు. అయిదు నిమిషాల పని. దీనికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

చానెల్ సంగతి కూడా ఇంతే సూటిగా తేలుతుంది. ఫుట్‌స్విచ్ నొక్కితే లైటూ మారలేదు, శబ్దమూ మారలేదు అంటే ఆదేశమే లోపలికి వెళ్లలేదు. స్విచ్, దాని కేబుల్, లేదా స్విచ్చింగ్ సర్క్యూట్‌కు కరెంటు అందించే భాగం అనుమానితులు. లైటు మారి శబ్దం మారకపోతే ఆదేశం వెళ్లింది, దాన్ని అమలు చేయాల్సిన భాగం మొరాయించింది. ఫుట్‌స్విచ్ ఊడదీసి ఆంప్ ముందు పలకపైనున్న బటన్ నొక్కితే మారుతోందంటే ఆంప్‌ను వదిలి కాలి కింది పెట్టెను చూడాలి. చాలా ఆంప్‌లలో ముందు పలకపై బటన్ ఒక నిర్దిష్ట స్థితిలో ఉంటేనే ఫుట్‌స్విచ్ పనిచేస్తుంది. ఈ ముక్క మాన్యువల్లో ఉంటుంది. మాన్యువల్ మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

కాలితో మార్చే కళ

చానెల్ మార్చడమన్నదే ఆంప్‌లకు తర్వాత అబ్బిన విద్య. అమెరికాలో లియో ఫెండర్ తయారుచేసిన తొలితరం ఆంప్‌లలో, లండన్‌లో డ్రమ్స్ దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1962లో మొదలుపెట్టిన ఆంప్‌లలో రెండు చానెళ్లున్నా ఒకదాన్నుంచి మరోదానికి మారాలంటే గిటార్ ప్లగ్ పీకి పక్క రంధ్రంలో పెట్టుకోవాల్సిందే. గర్జన కావాలంటే వాల్యూం చివరిదాకా తిప్పాలి, వద్దంటే తగ్గించాలి. కాలిఫోర్నియాలో ర్యాండాల్ స్మిత్ నెలకొల్పిన మీసా బూగీ వంటి సంస్థలు 1970ల చివరికల్లా కాలితో చానెల్ మార్చే పద్ధతిని తెచ్చాయి. 1980ల్లో అది మామూలైపోయింది.

సౌకర్యం వచ్చింది, దానితోపాటు కొత్త జబ్బులూ వచ్చాయి. పాత ఆంప్‌లో వాల్వులు, కెపాసిటర్లు, కొన్ని రెసిస్టర్లు మాత్రమే. చానెల్ మార్చే ఆంప్‌లో రిలేలు వచ్చి చేరాయి. రిలే అంటే చిన్న విద్యుదయస్కాంతం. కరెంటు పారినప్పుడు అది లోపలి రేకును లాగి ఒక దారి మూసి మరో దారి తెరుస్తుంది. వినాయక చవితి పందిరిలో రంగుల దీపాలు వెలిగించి ఆర్పే పెట్టెలో టిక్కుటిక్కుమనేది అలాంటిదే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఫుట్‌స్విచ్ నొక్కితే ఆంప్‌లోనూ ఆ టిక్కు వినిపిస్తుంది. వినిపించలేదంటే రిలేకు కరెంటు అందడం లేదన్నమాట. కొన్ని కంపెనీలు రిలేకు బదులు కాంతితో పనిచేసే రెసిస్టర్లనో, ట్రాన్సిస్టర్లనో వాడతాయి. వాటిలో టిక్కు ఉండదు, కాబట్టి ఈ పరీక్ష వాటికి వర్తించదు.

రిలేకు కావాల్సింది తక్కువ వోల్టేజీ డీసీ. వాల్వులకు 400 వోల్టులకు పైగా కావాలి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెండూ తీయాలి కనుక ఇంజనీర్లు తక్కువ వోల్టేజీని కొన్ని రెసిస్టర్ల ద్వారా దించి అందిస్తారు. ఆ దింపుడులో పుట్టేదంతా వేడే. ఫెండర్ 1996లో విడుదల చేసిన హాట్ రాడ్ డీలక్స్ ఇందుకు పాఠ్యపుస్తకంలాంటి ఉదాహరణ. 40 వాట్లు, ఒక 12 అంగుళాల స్పీకర్, క్లీన్‌తోపాటు రెండంచెల డ్రైవ్. ప్రపంచంలో బాగా అమ్ముడైన వాల్వు ఆంప్‌లలో ఒకటి. అందుకే మరమ్మతు బల్లలపైనా ఎక్కువగా కనిపిస్తుంది. దాని సర్క్యూట్ బోర్డుపై 470 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్లు రెండు పక్కపక్కనే ఉంటాయి. రిలేలకు, రివర్బ్ సర్క్యూట్‌కు కావాల్సిన ప్లస్, మైనస్ 16 వోల్టులు వాటి గుండానే రావాలి. చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంటాయి. ఏళ్ల తరబడి కాలి కాలి చుట్టూ బోర్డు నల్లబడుతుంది. ఆంప్ వేసినప్పుడు వ్యాకోచించి, ఆపినప్పుడు సంకోచించి వాటి కాళ్ల దగ్గరి సోల్డర్ చుట్టూ ఉంగరంలా సన్నని పగులు పడుతుంది.

ఆ పగులు చేసే అల్లరి చిత్రమైనది. ఆంప్ చల్లగా ఉన్నప్పుడు అంతా సవ్యంగానే ఉంటుంది. ఇరవై నిమిషాలకు వేడెక్కాక లోహం కాస్త సాగి సంబంధం తెగుతుంది. చానెల్ మారడం ఆగిపోతుంది, రివర్బ్ పోతుంది, ధ్వని వచ్చిపోతుంటుంది. ఆంప్‌ను పక్కకు జరిపితే, పైన ఒక చరుపు చరిస్తే తిరిగి వస్తుంది. మరమ్మతు దుకాణానికి తీసుకెళ్లేసరికి చల్లారి బుద్ధిగా పనిచేస్తుంది. ఏ లోపమూ లేదని వాళ్లు తిప్పి పంపుతారు. మళ్లీ వేదికపైనే మొండికేస్తుంది. మూడు జబ్బులు ఒకేసారి మొదలయ్యాయంటే మూడు లోపాలని కాదు, ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న చోటును వెతకాలని. అనుభవజ్ఞుడైన మెకానిక్ చానెల్, రివర్బ్ కలిసి పోయాయని వినగానే వాల్వుల వైపు చూడడు, ఆ రెండు రెసిస్టర్లున్న మూలకే వెళ్తాడు.

ఈ లోపం ఒక్క మోడల్‌కో ఒక్క కంపెనీకో పరిమితం కాదు. జాక్‌లనూ, వాల్వు సాకెట్లనూ, కాలే రెసిస్టర్లనూ ఒకే ప్రింటెడ్ బోర్డుపై నిలబెట్టిన ఆంప్‌లన్నిటికీ ఈ బలహీనత ఎంతో కొంత ఉంటుంది. చేత్తో వైర్లు చుట్టిన పాత ఆంప్‌ల ధర ఆకాశంలో ఉండటానికి మోజు ఒక్కటే కారణం కాదు.

ఏమీ పెట్టని జాక్

వాల్యూం పడిపోవడానికి అన్నిటికంటే నవ్వు తెప్పించే కారణం, ఎవరూ వాడని జాక్. ఆంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్ కోసం రెండు రంధ్రాలుంటాయి. ఒకటి బయటికి, ఒకటి లోపలికి. డిలే, కోరస్ వంటి పెడళ్లను మధ్యలో తగిలించేందుకు ఇవి. చాలామంది వాటిని ముట్టుకోరు. అయితే సిగ్నల్ మాత్రం వాటి గుండానే వెళ్తుంటుంది. ప్లగ్ ఏదీ లేనప్పుడు రిటర్న్ జాక్ లోపలున్న ఒక చిన్న రేకు మరో రేకును తాకి దారి పూర్తిచేస్తుంది. ప్లగ్ దూర్చితే ఆ రేకు పైకి లేచి దారి తెగుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ ప్లగ్ పెట్టకపోతే ఆ రేకుల మధ్య దుమ్ము, తేమ, ఆక్సైడు పొర పేరుకుంటాయి. వాడకపోవడమే దాని జబ్బు.

వర్షాకాలమంతా తడిసే షిల్లాంగ్‌లో, ఉప్పుగాలి వీచే ముంబై, చెన్నై, విశాఖపట్నాల్లో ఇది మరింత త్వరగా జరుగుతుంది. శబ్దం సన్నబడుతుంది, గరగరలాడుతుంది, ఒక్కోసారి గట్టిగా తీగ మీటితే ఠక్కున తిరిగొస్తుంది, మళ్లీ పోతుంది. పరీక్ష చాలా సులువు. మామూలు చిన్న గిటార్ కేబుల్ ఒకటి తీసుకుని సెండ్ నుంచి రిటర్న్‌కు తగిలించాలి. వాల్యూం తిరిగొచ్చిందా, దొంగ దొరికినట్టే. కచేరీ మధ్యలో అయితే ఆ కేబుల్ అలాగే ఉంచి వాయించుకోవచ్చు. ఇంటికొచ్చాక కరెంటు తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ చల్లి, ప్లగ్‌ను పదిసార్లు పెట్టి తీస్తే చాలాసార్లు సరిపోతుంది. మొండికేస్తే జాక్ మార్చాలి. తలుపు కీళ్లకు కొట్టే నూనె స్ప్రేలు మాత్రం వద్దు. అవి జిడ్డును మిగిల్చి వచ్చే ఏడాదికి మరింత దుమ్మును పోగేస్తాయి.

ఆంప్ వరకూ రానక్కర్లేని కేసులూ తక్కువేం కాదు. యాక్టివ్ పికప్‌లున్న గిటార్లో 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే శబ్దం మెల్లమెల్లగా కుంగిపోతుంది. గిటార్‌ను స్టాండుకు పెట్టి కేబుల్ పీకకుండా నిద్రపోతే వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది కూడా, ఎందుకంటే ఆ గిటార్లకు ప్లగ్గే స్విచ్చి. స్పీకర్‌కు గిటార్ కేబుల్ తగిలించేవారున్నారు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపలి తీగ మందం మాత్రం వేరు. ఆంప్ 8 ఓమ్‌లకు సిద్ధంగా ఉంటే 16 ఓమ్‌ల క్యాబినెట్ తగిలించి బలహీనంగా ఉందని వాపోయేవారూ ఉన్నారు. రెండు బటన్ల ఫుట్‌స్విచ్‌లు చాలావాటికి స్టీరియో ప్లగ్గున్న కేబుల్ కావాలి. అసలుది పోయి మామూలు గిటార్ కేబుల్ తగిలిస్తే ఒక బటన్ పనిచేసి రెండోది చచ్చినట్టు పడుంటుంది. దానికి ఆంప్‌ను తిట్టి లాభం లేదు.

అన్నయ్య తెచ్చిన 120 వోల్టులు

తెలుగు ఇళ్లలో ఈ కథకు మరో మలుపుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే అన్నయ్యో బావో సెలవులకు వస్తూ ఆంప్ తెస్తాడు. అక్కడ చవకగా వచ్చింది, నిజమే. కానీ అది 120 వోల్టులకు తయారైంది. మన గోడలో 230 వోల్టులు. తెలియక నేరుగా పెడితే ఫ్యూజు పోతుంది. అదృష్టం బాగోలేకపోతే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. కొన్ని మోడళ్లలో లోపలి వైర్లు మార్చి 230కి తిప్పే వీలుంటుంది, కొన్నిటిలో ఉండదు. తెలిసినవారు కోఠిలో వోల్టేజీ దించే పెట్టె కొంటారు. చిక్కంతా ఆ పెట్టె ఎంత పెద్దదన్న దగ్గరే వస్తుంది. ఆంప్‌పై 40 వాట్లని రాసి ఉంది కదా అని 100 వాట్ల పెట్టె తెస్తారు. ఆ 40 వాట్లు స్పీకర్‌కు చేరేవి. వాల్వులను వేడి చేయడానికీ, మిగతా వాటికీ కలిపి అలాంటి ఆంప్ గోడ నుంచి 150 వాట్లకు పైనే లాగగలదు. దానికి 300 వాట్ల పెట్టె కావాలి.

చిన్న పెట్టె మాడిపోకపోయినా వోల్టేజీ కుంగదీస్తుంది. వోల్టేజీ కుంగితే వాల్వులు చల్లబడతాయి, శబ్దం బలహీనపడుతుంది. రిలేకు కూడా ఒక కనీస బలం కావాలి. దాని రేటింగ్‌లో దాదాపు మూడొంతులు అందకపోతే అది రేకును లాగలేదు. అంతే, చానెల్ మారదు, వాల్యూం రాదు. ఆంప్‌లో మాత్రం ఏ లోపమూ ఉండదు. ఊరి చివర మైదానాల్లో జనరేటర్‌పై నడిచే కచేరీల్లోనూ, చర్చి ఉత్సవాల్లోనూ ఇదే తంతు. సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు, ఆంప్‌లు అన్నీ ఒకే తీగపై వేలాడుతుంటాయి. లైట్లన్నీ వెలిగాక సాకెట్లో వోల్టేజీ కొలిచి చూస్తే సగం రహస్యాలు విడిపోతాయి. కొన్ని వందల రూపాయల మల్టీమీటర్‌ను గిటార్ సంచిలో వేసుకునే వాద్యకారులు తక్కువ. మూడు డిస్టార్షన్ పెడళ్లు వేసుకునేవారు మాత్రం చాలామంది ఉన్నారు.

మూడో పిన్ను

హమ్ వస్తోందని ప్లగ్‌లోని మూడో పిన్నును విరిచేయడం, ఎర్త్ తీగను కత్తిరించడం దక్షిణాసియా వేదికలపై పాత అలవాటు. హమ్ తగ్గుతుంది. దానితోపాటు ప్రాణానికున్న కాపలా కూడా పోతుంది. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వే ఎర్త్ సరిగా లేని మైకును తాకి వేదికపైనే మరణించాడు. యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976 మేలో ఇంట్లో గిటార్ వాయిస్తూ కరెంటు షాక్‌తో చనిపోయాడు. గిటార్ తీగలు ఆంప్ లోహపు పెట్టెకు అనుసంధానమై ఉంటాయి. మైకు మరో సాకెట్‌కు చెందిన ఎర్త్‌పై ఉంటుంది. గిటార్ పట్టుకుని పెదవి మైకుకు తగిలించే గాయకుడు ఆ రెంటి మధ్య తీగ అవుతాడు. పెదవి దగ్గర చిమచిమలాడిందంటే కచేరీ ఆపాలి. అది సరదా కబురు కాదు.

ఆంప్ లోపలికి వెళ్లడం ఇంకా ప్రమాదం. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లు 400 వోల్టులను కొంతసేపు దాచుకుంటాయి. వాటిని రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. ఇది నేర్చుకోని గిటారిస్టు కేబుల్, ఫుట్‌స్విచ్, లూప్ జాక్, సాకెట్ వోల్టేజీ వరకే ఆగిపోవడం మంచిది. వాల్వు ఆంప్‌ను స్పీకర్ తగిలించకుండా ఆన్ చేయడం కూడా అంతే అవివేకం. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అది వాల్వుల కంటే ఖరీదైన, దొరకని వస్తువు.

మరి లోపలికి వెళ్లేదెవరు? ముంబైలో లామింగ్టన్ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, కోల్‌కతాలో చాందినీ, హైదరాబాద్‌లో కోఠి. విడిభాగాలకు ఇవే తీర్థాలు. మర్ఫీ, బుష్ రేడియోలతో, సినిమా హాళ్ల ఆంప్‌లతో చెయ్యి తిరిగిన తరం వాల్వుల ముందు జంకేది కాదు. బెంగళూరులో ప్రభుత్వ రంగ భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు వాల్వులు తయారుచేసేది. గిటార్ ఆంప్‌లలో వాడే ఈసీసీ83 రకం కూడా అందులో ఉండేది. ఆ పాత నిల్వల కోసం విదేశీయులు సైతం ఆరాతీస్తుంటారు. ఇప్పుడు ఆ వాల్వులు ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి రావాలి. 2022 మార్చిలో రష్యా ఎగుమతులపై ఆంక్షలు విధించినప్పుడు ప్రపంచవ్యాప్తంగా గిటారిస్టులు వాల్వులు పోగేసుకున్నారు. ఆంక్ష కొద్ది వారాల్లో సడలింది, ధరలు మాత్రం దిగిరాలేదు. తప్పుడు అనుమానంతో మంచి వాల్వులను పారేయడం ఇప్పుడు మునుపటికంటే ఖరీదైన పొరపాటు.

ఆ పాత తరం తగ్గిపోతోంది. తర్వాతి తరానికి బోర్డు మార్చడం తెలుసు, బోర్డును బాగుచేయడం అరుదు. పరికరాలూ అందుకు తగ్గట్టే మారాయి. ఆంప్‌ల ధ్వనిని కంప్యూటర్ చిప్‌తో అనుకరించే యంత్రాలు లైన్ 6 సంస్థ 1998లో తెచ్చిన పాడ్‌తో జనంలోకి వచ్చాయి. కెంపర్ వంటివి 2011 నుంచి పెద్ద వేదికలెక్కాయి. అవి తేలిక, చానెల్ మార్చడానికి రిలే అక్కర్లేదు, విమానంలో చేతి సంచిలో పడతాయి. పాడైతే మాత్రం లోపల వేలు పెట్టే చోటుండదు. పాత ఫెండర్ ఆంప్ క్యాబినెట్ లోపల ఏ సాకెట్లో ఏ వాల్వు పెట్టాలో తెలిపే కాగితం అంటించి ఉండేది. సర్క్యూట్ డయాగ్రం ఆంప్‌తోపాటే చేతికొచ్చేది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబర్లో పోర్టల్ ప్రారంభించింది. అది దృష్టి పెట్టింది వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలపై. సంగీత పరికరాల ఊసు అందులో ప్రత్యేకంగా లేదు.

ఇక ఆ రెండు రెసిస్టర్ల సంగతి. తెలిసిన మెకానిక్ దగ్గర అది గంటన్నర పని. పాత సోల్డర్‌ను పూర్తిగా పీల్చేస్తాడు. యూరప్‌లో 2006 జూలై నుంచి సీసంపై ఆంక్షలు వచ్చాక చాలా బోర్డులపై సీసం లేని సోల్డరే ఉంటోంది. పాత సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే ఇది 217 దాకా కోరుతుంది. ఆ తేడా తెలియనివాడు పైపైన కరిగించి సరేననుకుంటాడు, ఆర్నెల్లకు పగులు తిరిగొస్తుంది. తెలిసినవాడు కొత్త రెసిస్టర్లు వేస్తూ వాటిని బోర్డుకు ఆనించడు. కాళ్లను కాస్త పొడవుగా ఉంచి కొన్ని మిల్లీమీటర్లు పైకి లేపుతాడు, కింద గాలి ఆడేందుకు. తర్వాత చెక్క పుల్లతో బోర్డంతా తట్టి చూస్తాడు. చానెల్ మారుతుంది, రివర్బ్ పలుకుతుంది. అయినా బిల్లు రాయడు. పగులు తెరుచుకునేది వేడెక్కాకే కనుక ఆంప్‌కు పైన దుప్పటి కప్పి గంటసేపు అలాగే వదిలేస్తాడు, పక్కన కూర్చుని ప్రతి పది నిమిషాలకోసారి ఫుట్‌స్విచ్ నొక్కుతూ.